అప్పు తీరాక మిగిలే పని

(బిలాస్‌పూర్ నెహ్రూ నగర్‌లో జరిగిన సిబ్బంది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడే స్థిరపడ్డ ఒక తెలుగు రైల్వే పెద్దాయన రిటైరయ్యాక ఇంటి రుణం మొత్తం కట్టేశారు. దస్తావేజులు ఇచ్చి పంపాం. కొన్ని నెలలకు కూతురి పెళ్లి కోసం ఇల్లు అమ్మబోతే, కొనేవారి బ్యాంకు సెర్సాయ్‌లో చూసింది. మన తాకట్టు అలాగే ఉంది. "బాకీ లేదని మీరే కాగితం ఇచ్చారు కదా, మేనేజరు గారూ?" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రమే తొలగించాం. కానీ కొనేవారు అప్పటికే వేరే ఇల్లు చూసుకున్నారు.

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 58(ఎఫ్) ప్రకారం, నిర్దేశించిన పట్టణాల్లో అప్పుకు హామీగా దస్తావేజులు అప్పగిస్తే చాలు, తాకట్టు ఏర్పడుతుంది. అందుకే అవి తిరిగిచ్చేస్తే పని అయిపోయిందనుకుంటాం. కానీ 2011లో మొదలైన సెర్సాయ్‌లో ఆ తాకట్టు నమోదై ఉంటుంది. మనం తొలగించేదాకా అది పోదు.

2023 డిసెంబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు ఆదేశం స్పష్టం. రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా అసలు పత్రాలు ఇవ్వాలి, నమోదైన తాకట్టునూ తొలగించాలి. ఆలస్యం మనవల్ల అయితే రోజుకు రూ.5,000 పరిహారం.

పరిహారం పోయిన బేరాన్ని తేలేదు. ఖాతా మూసిన రోజే సెర్సాయ్ పని కూడా ముగించి, ఆ కాగితాన్ని దస్తావేజులతో పాటే చేతికిద్దాం.