ఇంజెక్టరు కనెక్టరు: పాత కారులో ఒక చిన్న మరమ్మతు
(తడ పరిసర గ్రామముల కారు యజమానులు, డ్రైవర్లు, మెకానిక్కుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



పెద్ద విషయములు చెప్పుటకు వేదికపై పెద్దలు కలరు. నేను బొటనవ్రేలంత ప్లాస్టికు ముక్కను గూర్చి చెప్పెదను. పెట్రోలు కారు ఇంజనులో ప్రతి ఇంజెక్టరు నెత్తిన ఒక్కటి చొప్పున అమరియుండు కనెక్టరు అది. అది పెళుసుబారి విరిగిన నాడు ఏమగునో నేను కన్నులార చూచితిని.

గడచిన వర్షాకాలములో పులికాటు ఒడ్డునున్న ఒక పల్లెనుండి పాత ఓమ్నీ వాను నా షెడ్డుకు వచ్చినది. అంతకు ముందు రాత్రి నొప్పులు పడుచున్న ఇంటి కోడలిని ఆ వానులో సూళ్లూరుపేటకు తీసికొని పోవుచుండిరి. (ఇట్టి వేళ 108కి ఫోను చేయుట మేలు. కాని వాకిట బండి యుండగా ఎవరికి ఆగ బుద్ధి పుట్టును?) జాతీయ రహదారి ఎక్కిన కొంతసేపటికి ఇంజను వణకి, మిస్సింగు కొట్టి, లాగుట మానినది. ముందు వెనుకల లారీలు. వెనుక వచ్చిన ఆటోవాడు దయదలచి ఆమెను ఆసుపత్రి చేర్చినాడు. తల్లియు బిడ్డయు క్షేమము.

ఆ యజమాని అంతకు మునుపే రెండు చోట్ల బండి చూపించియుండెను. ఒకచోట ప్లగ్గులు మార్చిరి. మరియొకచోట ఇంజెక్టర్లే పోయినవి, మూడును మార్చవలెననిరి. రొయ్యల మీద వచ్చిన డబ్బు కొంత అప్పుడే కరగిపోయినది. నేను సీటెత్తి చూడగా, నడిమి ఇంజెక్టరు కనెక్టరు లాకు విరిగియుండగా ఎవరో దానిని దారముతో కట్టియుండిరి. విప్పితిని. లోపలి పిన్నుల మీద పచ్చని చిలుము. తీగమీది తొడుగు వేలు తగిలిన మాత్రమున పెంకులు పెంకులుగా రాలినది.

ఇది ఒక్క బండి కథ కాదు. ఎలక్ట్రానికు ఇంజెక్షను 1967లోనే ఫోక్స్‌వాగన్ 1600 కారులో బాష్ కంపెనీ పరికరముతో వచ్చినను, మన దేశమున చిన్న కార్లలో కార్బురేటరు పోయి అది స్థిరపడినది 2000 ప్రాంతమున, పొగ నిబంధనలు బిగిసిన పిమ్మటనే. మారుతి 800 తయారీ 2014లోను, ఓమ్నీ తయారీ 2019లోను నిలిచిపోయినవి. అనగా మన పల్లెలలో తిరుగుచున్న ఇట్టి బండ్లలో చాలవాటి తీగలు పది పదునైదేండ్లు, కొన్ని ఇరువదేండ్లు దాటినవి. ప్లాస్టికు ఇంజను వేడికి నిత్యము కాగి చల్లారి పెళుసగును. ఓమ్నీలో ఇంజను ముందు సీటు క్రిందనే యుండుటచే వేడి బయటికి పోవు దారి తక్కువ. దానికి తోడు మన సరస్సు మీది ఉప్పుగాలి రాగిని తినును. మిగిలినది ఎలుకలు చూచుకొనును.

ఇక దాని పని తెలిసికొనుడు. ఇంజెక్టరుకు రెండే తీగలు. తాళము త్రిప్పగానే ఒక తీగకు బ్యాటరీ విద్యుత్తు వచ్చును. రెండవది కంప్యూటరునకు పోవును. కంప్యూటరు సెకనులో కొన్ని వేయవ వంతుల కాలము ఆ తీగను ఎర్తుకు కలుపును. ఆ క్షణముననే పెట్రోలు చిమ్మును. వరుసక్రమమున చిమ్ము బండిలో, ఇంజను నిమిషమునకు 800 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క ఇంజెక్టరు 400 పర్యాయములు తెరచి మూసికొనును. కనెక్టరు వదులైనచో ఆ సిలిండరు చచ్చినట్లే. మూడు సిలిండర్ల బండిలో మూడవ వంతు బలము పోయినది.

అంతకన్న చెడ్డది కలదు. తొడుగు రాలిన రెండవ తీగ ఇంజను ఇనుమును తాకినచో, తాళము వేసియున్నంత సేపు ఇంజెక్టరు తెరచియే యుండును. పెట్రోలు సిలిండరులో నిండి, ఇంజను ఆయిలులో కలియును. మొదటి తీగ తాకినచో ఫ్యూజు పోయి బండి నడిరోడ్డున నిలుచును. కావున దారముతో కట్టి నడిపించుట పొదుపు కాదు.

దోషము కనుగొనుట కష్టము కాదు. ఇంజను నడుచుచుండగా బెల్టుకు, ఫ్యానుకు చేయి దూరముగా ఉంచి, పొడవైన స్క్రూడ్రైవరు కొనను ఇంజెక్టరుకు ఆనించి పిడిని చెవికి చేర్చుడు. టక్ టక్ మను చప్పుడు వినవలెను. వినబడని దాని తీగను మెల్లగా కదపుడు. చప్పుడు వచ్చి పోవుచున్నచో దోషము కనెక్టరుదే. పిమ్మట తాళము తీసి, కనెక్టరు విప్పి, ఇంజెక్టరు రెండు పిన్నుల నడుమ మల్టీమీటరు పెట్టుడు. చాల బండ్లలో 12 నుండి 16 ఓముల వరకు చూపును. చూపినచో కాయిలు బాగున్నదన్న మాట. దానిని మార్చుమన్నవారిని కారణమడుగుడు.

మరమ్మతుకు ముందు ఇంజను పూర్తిగా చల్లారవలెను. బ్యాటరీ నెగెటివు తీగ విప్పవలెను. దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల పనికిరావు. పెట్రోలు వాసన గాని తడి గాని కనబడినచో అచ్చటనే ఆగుడు. ముందు ఆ కారుటను సరిచేయించవలెను. కనెక్టరు విప్పునప్పుడు తీగ పట్టి లాగరాదు. లాకు నొక్కి ప్లాస్టికునే పట్టుకొని లాగవలెను. కొన్నింటిలో లాకు బదులు సన్నని ఉక్కు తీగ క్లిప్పు ఉండును. దానిని చిన్న స్క్రూడ్రైవరుతో జరుపుచు, క్రింద గుడ్డ పరచుడు, లేనిచో అది ఎగిరి ఎచ్చట పడునో దేవునికెరుక. అన్నిటిని ఒకేసారి విప్పవలదు. విప్పక ముందే ప్రతిదానికి అంకె వేసిన టేపు చుట్టుడు. ఒక సిలిండరు కనెక్టరు మరియొకదానికి పెట్టినచో ఇంజను సరిగా నడువదు.

పాత ముక్కను దుకాణమునకు తీసికొనిపోయి, అదే ఆకారముది, తీగలతో కూడినది కొనుడు. పాత తీగను, తొడుగు మెత్తగాను రాగి ఎర్రగాను కనబడు వరకు వెనుకకు కత్తిరింపుడు. నల్లబడిన రాగికి అతుకు నిలువదు. పొట్టిదైనచో అంతే లావు తీగ ముక్క కలుపుడు. బిగుతుగా నిలిచిన తీగ ఇంజను అదురుకు మరల తెగును. రెండు తీగల అతుకులు ప్రక్కప్రక్కన రాకుండ ఒకదానికొకటి రెండంగుళముల ఎడముగా ఉండవలెను. కుదించు గొట్టమును అతుకుకు ముందే తీగకు తొడుగవలెను. ఇది నేను ముప్పదేండ్లుగా చెప్పుచున్నాను. ముప్పదేండ్లుగా మరచి మరల విప్పుచున్నాను.

ఇంజను వద్ద క్రింపింగు ప్లయరుతో లోహపు గొట్టము నొక్కి అతుకుట మంచిది. అచ్చట సోల్డరింగు ఇనుము కాల్చుట నాకిష్టము లేదు. అదియునుగాక సోల్డరు పట్టిన తీగ గట్టిపడి దాని అంచున అదురుకు విరుగును. లోపల జిగురున్న కుదించు గొట్టమును వేడిగాలి యంత్రముతో బిగింపుడు. లైటరు మంట వలదు. తీగలు మెలివేసి మామూలు టేపు చుట్టుట మాత్రము చేయకుడు. వేడికి టేపు జిగురు కారి, నెలలోగా అది ఊడి వ్రేలాడును. కొత్త కనెక్టరు రబ్బరు సీలుకు కొంచెము సిలికాను గ్రీజు రాచినచో ఉప్పుగాలి లోనికి పోదు. చివరకు తీగలను చీలిన గొట్టములో పెట్టి, సైలెన్సరు వేడికి దూరముగా కట్టుడు.

ఆ వానుకు నేను మూడు కనెక్టర్లును మార్చితిని. మిగిలిన రెండును అదే వయస్సువి గదా. ఇంజెక్టర్లు పాతవే. యజమానికి కొన్ని వందల రూపాయలు, ఒక పూట పట్టినది. ఆ మూడు పాత ముక్కలను ఈ బల్లమీద పెట్టితిని. దగ్గరకు వచ్చి చేతులతో నొక్కి చూడుడు. ఎడమనున్న దానిని మాత్రము మెల్లగా పట్టుకొనుడు, అది ఇప్పటికే సగము పొడియైనది.