పల్లెవార్తకు దక్కిన పురస్కారము



ఫిలిప్పీన్స్ దేశాధ్యక్షుడు రామన్ మెగసేసే 1957లో విమానప్రమాదమున మరణించెను. ఆయన పేరిట 1958 నుండి ఆసియావాసులకు పురస్కారములు ఒసగుచున్నారు. ఆ మొదటి యేడు అందుకొన్నవారిలో వినోబాభావే ఒకరు. ఆయన భూదానోద్యమము మన పోచంపల్లిలో పుట్టినదని మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

2007లో పత్రికారచనకు ఈ గౌరవము పాలగుమ్మి సాయినాథ్ గారికి లభించెను. వీరు 1957లో మద్రాసునందు తెలుగు కుటుంబమున జన్మించిరి. ఒరిస్సా, బీహారు, తమిళనాడు మొదలగు రాష్ట్రములలోని కడుపేద జిల్లాలు తిరిగి, పొలముపనులు లేని నెలలలో కూలిజనము ఎట్లు బ్రతుకుచున్నదో చూచి వ్రాసిరి. ఆ వ్యాసములు 1996లో గ్రంథముగా వెలువడెను. కరవు వచ్చిన కొందరికి పండుగయే. సహాయపు సొమ్ము పేదలకు చేరకముందే గుత్తేదారుల పాలగునని అందు చూపిరి. కరవుపనులకు తీర్మానము వ్రాయు మనకు ఈ మాట కొంచెము గ్రుచ్చుకొనును, గ్రుచ్చుకొననిండు. పిమ్మట అనంతపురము రైతుల ఆత్మహత్యలను గూర్చియు వీరు విస్తారముగ వ్రాసిరి.

2009లో పద్మభూషణ్ ఇవ్వజూపగా వీరు స్వీకరింపలేదు. ప్రభుత్వపు పనులను పరిశీలించి వ్రాయువాడు ప్రభుత్వము చేతిమీదుగా బహుమతి గ్రహింపరాదని వీరి మతము. ప్రభుత్వ పత్రికకై మాటలాడుచు దీనిని దాచుట నాకు న్యాయముగా తోచలేదు.

2014లో గ్రామీణుల బ్రతుకులను భద్రపరచు 'పరి' అను సంస్థను నెలకొల్పిరి. నేతగాండ్ర, గొర్రెలకాపరుల, కూలీల కథనములు అందు తెలుగునను లభించును. పంచాయతీ పఠనమందిరమున వారమున కొకటి చదివి వినిపింపవచ్చును.