స్నాచ్ నుంచి ఫాక్స్‌హౌండ్ దాకా

బ్రిటన్ సైన్యం స్నాచ్ ల్యాండ్ రోవర్‌ను ఉత్తర ఐర్లాండ్ వీధుల్లో గస్తీకి తెచ్చుకుంది. రాళ్లను, చిన్న తుపాకుల తూటాలను ఆపడానికి అది పనికొచ్చేది. ఆ బండినే ఇరాక్, అఫ్గానిస్థాన్‌లకు పంపారు. అక్కడ ముప్పు నేల కింద ఉంది. మందుపాతరల ధాటికి స్నాచ్‌లలో 30 మందికి పైగా సైనికులు చనిపోయారు. భారీ కవచ వాహనాలు వచ్చినా, ఇరుకు దారుల్లో వాటి బరువే అడ్డంకి.

చివరికి 2010 నవంబరులో ఫాక్స్‌హౌండ్ అనే తేలికపాటి కవచ వాహనాలు 200 కావాలని ఆర్డరిచ్చారు. విలువ సుమారు 18 కోట్ల పౌండ్లు. ఈ వాహనం అడుగుభాగం పడవలా మధ్యలో దిగి, అంచుల వైపు పైకి లేస్తుంది. కింద బాంబు పేలితే ఆ విసురు నేరుగా పైకి తన్నకుండా పక్కలకు మళ్లుతుంది. సిబ్బంది కూర్చునే గదికి విడిగా రక్షణ ఉంది. ఇంజిన్‌ను అరగంటలో మార్చేయవచ్చు. బరువు ఏడున్నర టన్నులే.

ఇంత మంచి బండి 2012లో గానీ అఫ్గానిస్థాన్ చేరలేదు. నన్ను కలచివేసేది ఆ ఆలస్యమే. ఇరాక్ యుద్ధంపై చిల్‌కాట్ విచారణ నివేదిక 2016లో, స్నాచ్ కన్నా మెరుగైన రక్షణ ఉన్న వాహనాలను ఇరాక్‌లోని సైనికులకు అందించడంలో జరిగిన జాప్యాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఇలాంటి లోటును గుర్తించి చెప్పాల్సిన బాధ్యత రక్షణశాఖలో ఎవరిదో కూడా స్పష్టంగా లేదని తేల్చింది.