విశ్వాసమునకు తూనికరాయి



గుడిలో దీపము వెలిగించునపుడును, మసీదులో మోకరిల్లునపుడును, చర్చిలో ప్రార్థించునపుడును మానవుని మనస్సు నిర్మలముగనే యుండును. అచట పరీక్ష లేదు. మెట్లు దిగి పొలమునకును, అంగడికిని వచ్చిన పిమ్మటనే పరీక్ష మొదలగును. విశ్వాసమునకు తూనికరాయి దినచర్యయే. ఇందులకు మెదకు పట్టణమున నివసించిన ఒక క్రైస్తవ బోధకుని జీవితము తార్కాణము.

చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు వెస్లియన్ మెథడిస్టు సంఘపు బోధకులు. 1895లో హిందూదేశమునకు వచ్చి, తొలుత సికిందరాబాదు దండులోని సిపాయిల నడుమ పనిచేసిరి. కొలదికాలమునకే మెదకు చేరి, పల్లెల బీదసాదలతో కలిసి మెలగిరి. 1914లో అచట గొప్ప చర్చి నిర్మాణము మొదలయ్యెను. అవి మొదటి ప్రపంచయుద్ధపు దినములు. మెదకు సీమను కరువు పీడించుచుండెను. ఆకొన్నవారిని ఆయన పనికి పిలిచిరి. రాయి మోసినవారికి తిండి దొరకెను. పది యేండ్లు పని సాగి, 1924 డిసెంబరు 25న చర్చి ప్రతిష్ఠ జరిగెను. దాని పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గోపురపు టెత్తు సుమారు 175 అడుగులు. దక్షిణ ఇండియా సంఘము 1947లో ఏర్పడిన పిమ్మట అది మెదకు అధ్యక్ష మండలమునకు ప్రధానాలయమైనది.

ఇంత సొమ్ము రాళ్ళపై వెచ్చించుటకంటె అన్నదానము చేసిన మేలుగదా యని కొందరు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. రాయి మోయలేని వృద్ధునకును, రోగికిని గంజియే ముందు కావలెను. కాని రెక్కలున్నవాడు గంజి కొరకు చేయి చాచునపుడు తల వంచును. కూలి అందుకొన్ననాడు తల యెత్తుకొని ఇల్లు చేరును. ఆకలిని తీర్చుట దయ. మానమును నిలుపుచు ఆకలిని తీర్చుట ధర్మము.

క్రీస్తు నేర్పిన ప్రార్థనలో ఆనాటి ఆహారమును అడుగువాడు "నాకు" అనడు, "మాకు" అనును. ఆ ఒక్క మాటలో యజమానియు పాలేరును ఒకే పంక్తిని కూర్చుందురు. కోతకాండ్ర కూలిని బిగబట్టుట దేవుని యెదుట నేరమని బైబిలులోని యాకోబు పత్రిక హెచ్చరించుచున్నది. కూలి ఎగవేసి కానుక వేసినవాని కానుకను దేవుడు ఎట్లు మెచ్చును?

నేడు గుండ్లపోచంపల్లి చుట్టును దుస్తుల పరిశ్రమలును, క్రొత్త కట్టడములును లేచినవి. ఊరు విడిచి వచ్చిన కూలివారెందరో ఇచట ఇటుకలు మోయుచున్నారు. వారు ఏ దేవుని కొలుతురో అడుగనక్కరలేదు. వారి కూలి ప్రొద్దు గ్రుంకకముందే చేతికందినదా, వారి బిడ్డలు బడికి పోవుచున్నారా యని విచారించుటయే భక్తి. అంగడిలో సరియైన తూకము భక్తి. నీరు కలుపని పాలు భక్తి. ఈ గ్రంథాలయమునుండి కొనిపోయిన పుస్తకమును నలుపక గడువులోపల తిరిగి యిచ్చుటయు, చిన్నదైనను, భక్తియే.

మెదకు చర్చిని చూడబోవువారు గోపురము వంక తలయెత్తి చూతురు. ఒక్క క్షణము తల వంచి పునాదిని గూడ చూడవలెను. పేరు లేని కూలివారి చెమట అచట నున్నది.