వంపు తిరుగు బంతి

గాలిలోనికి విసరిన బంతి ఎట్లు పోవునో మనకందరకును తెలిసినదే. విసరిన వైపుగా కొంతదూరము పోయి, భూమ్యాకర్షణమునకు లోబడి క్రమముగా నేలకు దిగును. మామిడితోపులో కాయలకు రాయి రువ్వు బాలునకు కూడ ఈ జ్ఞానము కలదు. లేనిచో అతనికి కాయ దక్కదు. అట్టిచో, ఒక యువకుడు విసరిన బంతి నడిమార్గమున దారి మార్చుకొని, ప్రక్కకు ఒరిగి, ఎదుటివాని కర్రకు అందకుండ పోవుచున్నదనిన మనకు వింతగా తోచును. ఈ వింత వెనుకనున్న శాస్త్రమును, ఆ విద్యలో ఆరితేరిన ఒక కళాశాల విద్యార్థికి కలిగిన కీర్తిని, ఆ పిమ్మట అతడు పడిన కష్టమును గూర్చి ఈ ప్రసంగమున ముచ్చటింప దలచితిమి.

ఆ యువకుడు ఆడునది బేస్‌బాల్ ఆట. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పుట్టి పెరిగినవారికి అది మన క్రికెట్టు వలె చిరపరిచితము. క్రికెట్టు నెరిగినవారికి దీనిని తెలుపుట కష్టము కాదు. అచ్చట బౌలరునకు బదులు పిచ్చరు ఉండును. అతడు పరుగెత్తి రాడు. చిన్న మట్టిదిబ్బపై నిలిచి, 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి బంతిని విసరును. మన ఆటలోవలె బంతి నేలను తాకి లేవదు. కనుక పిచ్చరునకు నేల చేయు సాయమేమియు లేదు. ఉన్నది గాలి యొక్కటే. మూడు బంతులు తప్పిపోయినచో బ్యాటరు ఔటగును. దీనిని స్ట్రైకౌట్ అందురు. ఒక జట్టునకు తొమ్మిది ఇన్నింగ్సులు, ఇన్నింగ్సునకు మూడేసి ఔట్లు; అనగా జట్టును పూర్తిగా ముగించుటకు 27 ఔట్లు కావలెను.

వంపు బంతికి ఆద్యుడుగా విలియం ఆర్థర్ కమింగ్స్ అనునతనిని చెప్పుకొందురు. అతడు 1848లో జన్మించెను. 1863లో, పదునాలుగేండ్ల ప్రాయమున, బ్రూక్లిన్ సముద్రతీరమున తోటి బాలురతో ఆలిచిప్పలను గాలిలోనికి విసరుచు, అవి వంపు తిరిగిపోవుట చూచి, బంతిని కూడ అట్లే తిప్పలేమా యని తలపోసెనట. ఆ యూహను సాధించుటకు నాలుగేండ్లు పట్టెను. 1867లో హార్వర్డు కళాశాల జట్టుపై ఆడినపుడు తన బంతి మొదటిసారిగా తన మాట వినెనని అతడే పిమ్మట చెప్పుకొనెను. ఈ విద్యను తామే ముందు కనిపెట్టితిమని వాదించినవారు ఇతరులును కలరు. ఏది యేమైనను, 1939లో బేస్‌బాల్ కీర్తిమందిరమున కమింగ్సునకు స్థానము లభించెను.

ఇక బంతి ఏల వంగును? బేస్‌బాల్ బంతి బరువు సుమారు ఐదు ఔన్సులు; చుట్టుకొలత సుమారు తొమ్మిది అంగుళములు. దాని తోలుపై ఎఱ్ఱదారముతో 108 జంట కుట్లు చేతితో కుట్టబడి ఉండును. ఆ కుట్లు నునుపైన తోలుపై చిన్న గట్టువలె లేచి ఉండును. పిచ్చరు తన వ్రేళ్ళను ఆ గట్టున కానించి, విసరు క్షణమున మణికట్టుతో బంతిని గిరగిర త్రిప్పును. తిరుగుచు పోవు బంతి తనచుట్టునున్న గాలిపొరను తనతో ఈడ్చుకొని పోవును. బంతి పైభాగము ముందునకు దొర్లునట్లు తిరిగినచో, దాని వెనుక విడిపోవు గాలి పైకి నెట్టబడును. గాలిని పైకి నెట్టిన బంతి తాను క్రిందికి నెట్టబడును. పడవవాడు నీటిని గడతో వెనుకకు త్రోయగా పడవ ముందునకు సాగినట్లే ఇదియును. తిరుగుడు ప్రక్కకున్నచో వంపును ప్రక్కకే కలుగును. హైదరాబాదువాడైన గులాం అహమ్మదు వంటి ఆఫ్ స్పిన్నర్లు గాలిలో తేలవేసిన బంతి, బ్యాటుదారుడు ఊహించిన చోటికన్న ముందే దిగుటకును ఈ ధర్మమే కారణము.

ఈ ధర్మమును 1852లో పరిశోధించిన జర్మను శాస్త్రజ్ఞుడు మాగ్నస్ పేరనే నేడు పిలుచుచున్నారు. కాని అంతకు చాల ముందే, 1672లో ప్రకటింపబడిన లేఖలో న్యూటను మహాశయుడు, ఏటవాలుగా కొట్టిన టెన్నిసు బంతి వంపు తిరుగుటను ప్రస్తావించి యుండెను. ఇంత జరిగినను, బేస్‌బాల్ వంపు కేవలము కంటి భ్రమయని వాదించువారు ఇరువదవ శతాబ్దమున కూడ లేకపోలేదు. ఆ వాదమునకు సమాధానము చెప్పుటకు 80 ఏండ్లు దాటిన వృద్ధ శాస్త్రజ్ఞుడు లైమన్ బ్రిగ్స్ పూనుకొనెను. అతడు అమెరికా జాతీయ ప్రమాణ సంస్థకు పూర్వము అధిపతిగా నుండినవాడు. గాలిసొరంగములో బంతిని త్రిప్పుచు జారవిడిచి కొలతలు తీసి, 1959లో ఫలితములను ప్రకటించెను. నిమిషమునకు 1800 చుట్లు తిరుగు బంతి, పిచ్చరునకును బ్యాటరునకును నడుమ దూరములో, 17½ అంగుళముల వరకు ప్రక్కకు ఒరుగవచ్చునని అతడు తేల్చెను.

అయితే భ్రమయన్నవారి మాటలో కొంత నిజము లేకపోలేదు. బంతి చివరి క్షణమున ఒక్కుమ్మడిగా విరుగునని బ్యాటర్లు చెప్పుదురు. వాస్తవమునకు ఆ వంపు ఆద్యంతము సమముగానే సాగును. కాని ఒకే తీరున పనిచేయు బలముచే కలుగు జరుగుడు కాలముతో వర్గానుపాతమున పెరుగును. దారిలో మొదటి సగమున కలుగు వంపు మొత్తములో నాలుగవ వంతు. తక్కిన మూడు వంతులు రెండవ సగముననే. గంటకు 95 మైళ్ళ వేగమున వచ్చు బంతికి దారి యంతయు గడచుటకు పట్టు కాలము సెకండులో పదింట నాలుగు పాళ్ళు మాత్రమే. వంపు బంతి కొంత నిదానముగా వచ్చినను, బ్యాటరు కొట్టుటకో మానుటకో నిశ్చయించుకొనువేళకు వంపులో అధికభాగము ఇంకను మిగిలియే యుండును. అందుచేతనే అది మోసమువలె తోచును.

ఇప్పుడు మన విద్యార్థి విషయమునకు వత్తము. అతని పేరు కుమార్ రాకర్. పేరులోని మొదటి మాట మనకు పరాయిది కాదు. అతని తల్లి భారతదేశమునుండి అమెరికాకు వలసపోయిన కుటుంబపు ఆడపడుచు. తండ్రి ట్రేసీ రాకర్ ఆబర్న్ విశ్వవిద్యాలయ జట్టులో అమెరికా ఫుట్‌బాల్ ఆడి, 1988లో దేశమంతట పేరుపొందిన ఆఫ్రికన్ అమెరికను క్రీడాకారుడు. కుమార్ 1999లో జన్మించెను. 2018లో ఉన్నత పాఠశాల ముగియగానే ఒక వృత్తి జట్టు అతనిని ఎన్నుకొన్నను, దానిని కాదని, టెన్నెసీ రాష్ట్రపు నాష్‌విల్ నగరమునందలి వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమున చేరెను. అతనికి వేగమును కలదు. కాని వేగము గల కుర్రవారు ఆ దేశమున పెక్కురు. అతనిని వేరుచేసినది వంపు బంతి. దానిని అచ్చటివారు స్లైడర్ అందురు. అది పాతకాలపు వంపు బంతికి దాయాది. దానికన్న వేగముగా వచ్చి, క్రిందికి దిగుటయే గాక ప్రక్కకు జారిపోవును.

2019 జూన్ నెలలో, అతడింకను ప్రథమ సంవత్సర విద్యార్థిగా నున్నపుడు, వాండర్‌బిల్ట్ జట్టు డ్యూక్ విశ్వవిద్యాలయ జట్టును ఎదుర్కొనెను. మూడింట రెండు గెలిచినవారు ముందునకు పోవుదురు. మొదటి ఆటలో వాండర్‌బిల్ట్ 5 పరుగులు, డ్యూక్ 18 పరుగులు చేసిరి. ఇక ఒక్క ఓటమితో సంవత్సరపు శ్రమ ముగిసిపోవలసినది. జూన్ 8వ తేదీన జట్టు భారమంతయు ఆ పందొమ్మిదేండ్ల కుర్రవాని చేతిలో పెట్టబడెను. అతడు తొమ్మిది ఇన్నింగ్సులును తానొక్కడే వేసెను. 27 ఔట్లలో 19 స్ట్రైకౌట్లు. డ్యూక్ జట్టునకు పరుగు మాట యటుంచి, ఒక్క హిట్టు కూడ దక్కలేదు. వాండర్‌బిల్ట్ మూడు పరుగుల తేడాతో నెగ్గెను. ఆ దశ పోటీలలో అట్టి ఘనత అంతకుముందెవ్వరును సాధించి యుండలేదు. కర్ర త్రిప్పి త్రిప్పి వట్టిచేతులతో మరలిపోయినవారి చూపులలో కోపముకన్న ఆశ్చర్యమే అధికమై యుండునని మేము తలంతుము.

అటుపై నెబ్రాస్కా రాష్ట్రపు ఒమాహా నగరమున జరిగిన కళాశాలల తుది పోటీలలో మిచిగన్ జట్టుతో తలపడినపుడును ఇదే కథ మరల నడచెను. మొదటి ఆట వాండర్‌బిల్ట్ ఓడిపోయెను. రెండవ ఆటకు కుమారే దిబ్బ యెక్కి, 11 మందిని స్ట్రైకౌట్ చేసి నెగ్గించెను. మూడవ ఆటయు గెలిచి జట్టు జాతీయ విజేత యయ్యెను. పోటీలలో అత్యుత్తమ క్రీడాకారుడను గౌరవము ప్రథమ సంవత్సర విద్యార్థియైన కుమారునకు లభించెను.

కథ ఇచ్చటనే ముగిసినచో వినుటకు ఇంపుగా నుండును. కాని జూన్ 8వ నాటి లెక్కలలో మేము చెప్పని సంఖ్య యొకటి కలదు. ఆ దినమున అతడు విసరిన బంతులు 131. భుజమును, మోచేతిని ఒక్క త్రుటిలో మెలిపెట్టి విదలించు పని అది. మానవ శరీరము అందుకై నిర్మింపబడినది కాదు. తరువాతి గాయములకు ఆ దినమే కారణమని ఎవ్వరును చెప్పజాలరు, మేమును చెప్పము. జరిగినది మాత్రము ఇది. 2021లో న్యూయార్కు మెట్స్ జట్టు అతనిని పదవ స్థానమున ఎన్నుకొనెను. కాని వైద్యపరీక్షల పిమ్మట చేతి ఆరోగ్యమును శంకించి ఒప్పందము చేసికొనలేదు. ఆ సంవత్సరమే భుజమునకు శస్త్రచికిత్స జరిగెను. 2022లో పెద్ద జట్లతో సంబంధము లేని ఒక చిన్న జట్టులో ఆడి, తన చేయి ఇంకను పనికివచ్చునని నిరూపించుకొనెను. ఆ యేడే టెక్సస్ రేంజర్స్ జట్టు అతనిని మూడవ స్థానమున ఎన్నుకొనెను. 2023లో మోచేతి స్నాయువు దెబ్బతిని మరల శస్త్రచికిత్స.

ఈ రెండవ చికిత్సకును ఒక చరిత్ర కలదు. 1974లో ఫ్రాంక్ జోబ్ అను వైద్యుడు, టామీ జాన్ అను పిచ్చరు ఎడమ మోచేతిలో తెగిన స్నాయువునకు బదులు, కుడిచేతి స్నాయువు నొకదానిని తీసి అతికెను. అంతకుముందు ఆ గాయము తగిలినచో పిచ్చరు ఆట ముగిసినట్లే. టామీ జాన్ 1976లో మరల ఆడుట కారంభించి, 1989 వరకు ఆడెను. నేడు ఆ చికిత్సకు అతని పేరే నిలిచినది. కాని చికిత్స యుండుట వేరు, దానిని భరించుట వేరు. నెలల తరబడి బంతి విసరక, పిమ్మట పసివానివలె బంతి విసరుట మొదటినుండి నేర్చుకొనవలెను. ఆ నెలలలో చప్పట్లు కొట్టువారుండరు.

2024 సెప్టెంబరు 12వ తేదీన సియాటిల్ నగరమున కుమార్ రాకర్ మొదటిసారి పెద్ద జట్ల పోటీలో దిబ్బ యెక్కెను. నాలుగు ఇన్నింగ్సులు మాత్రమే వేసెను. ఏడుగురిని స్ట్రైకౌట్ చేసెను. నాష్‌విల్‌లో పందొమ్మిది మందిని అవుట్ చేసి ఐదేండ్లు దాటినది. సంఖ్య చిన్నదే. అయినను మాకు ఈ ఏడే పెద్దదిగా తోచుచున్నది. ఆ పందొమ్మిదింటికి పుట్టుకతో వచ్చిన బలమును, లేతవయసు ధైర్యమును తోడైనవి. ఈ యేడింటి వెనుక రెండు శస్త్రచికిత్సలును, ఒక తిరస్కారమును, ఎవ్వరును చూడని సాధనయు ఉన్నవి.

మన ఇండ్లలోను ప్రతిభగల పిల్లలుందురు. ఆటయే కానిండు, పాటయే కానిండు, చదువే కానిండు, వారు మొదటి మెట్టుననే మెరసినపుడు మనము మురిసిపోయి మరికొంత, మరికొంత యని కోరుదుము. కోరుట తప్పు కాదు. కాని ఆ చేయి లేతచేయి యనియు, అది చాలకాలము పనిచేయవలసినదనియు మరువకుండుట పెద్దల ధర్మము. చెరకు తీయనిదని వేళ్ళతో పెరికినచో మరుసటి యేటి పంట ఉండదు గదా!