దుబాసీగా భర్త తగడు
(సాల్ట్ లేక్‌లో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం సమావేశమైన ఈ సాల్ట్ లేక్‌కు బిధాన్‌నగర్ అని మరో పేరు. ముఖ్యమంత్రిగా ఉంటూనే రోగులను పరీక్షించిన డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ స్మారకంగా వచ్చిన పేరది. వైద్యుని పేరు మోస్తున్న ఈ ఊరిలో, వైద్యునికి సైతం చెప్పుకోలేని ఒక బాధను గురించి మాట్లాడటం సముచితమని తలుస్తాను.

1889లో నాటి కలకత్తాలో ఫూల్‌మణి అనే పది పదకొండేళ్ల బాలిక భర్త బలాత్కారం వల్ల రక్తస్రావమై మరణించింది. 10 ఏళ్లు దాటిన భార్య విషయంలో నాటి చట్టం దానిని అత్యాచారంగా ఎంచలేదు. భర్తకు ఏడాది కఠిన శిక్షతో సరిపోయింది. 1891లో ఆ వయోపరిమితి 12కు పెరిగింది. వైద్యుల సాక్ష్యం ఆమె మరణానంతరమే అక్కరకు వచ్చింది.

నేడు అటువంటి బాధ పడుతున్న స్త్రీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తానే వస్తుంది. కాని పొత్తికడుపు నొప్పి అంటుంది, నిద్ర పట్టదంటుంది. అసలు మాట చెప్పదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం శారీరక, లైంగిక హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు నూటికి 14 మంది మాత్రమే. కనుక అనుమానం కలిగినప్పుడు వైద్యులే ఏకాంతంలో, మృదువుగా అడగాలి. ఆమె చెబితే నమ్మి వినాలి; చెప్పనంటే బలవంతపెట్టరాదు. ఇంటికి తిరిగి వెళ్లడం క్షేమమేనా అని విచారించాలి. హెచ్.ఐ.వి. నివారణ మందు 72 గంటలలోగా, అత్యవసర గర్భనిరోధక మాత్ర 5 రోజులలోగా ఎంత త్వరగా ఇస్తే అంత మేలు.

అనువాదం నా వృత్తి గనుక ఇంకొక మాట మనవి చేస్తాను. బెంగాలీ గాని హిందీ గాని రాని తెలుగు ఇల్లాలికి వైద్యుని ఎదుట భర్తే దుబాసీ అయితే, ఆమె మాట అక్కడికి చేరనే చేరదు. ఆ పని అత్తగారికి, పిల్లలకు కూడా అప్పగించరాదు. ఆమె భాష తెలిసి, రహస్యం కాపాడగల మరొక స్త్రీ ఉండాలి. తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న ఖరగ్‌పూర్ వంటి పట్టణాలలో అటువంటివారు దొరకకపోరు.

భార్యకు 18 ఏళ్లు నిండితే భర్త బలాత్కారాన్ని 2023 నాటి భారతీయ న్యాయ సంహిత కూడా అత్యాచారమనలేదు. అయినప్పటికీ 2005 గృహహింస చట్టం లైంగిక హింసను గృహహింసగానే గుర్తించింది. బాధితురాలు కోరితే వైద్యశాల చికిత్స చేసి తీరాలని విధించింది. సలహాకు 181 నంబరు ఉన్నది.

ఇది సంసారాలలో చిచ్చు పెట్టడం కాదా అని కొందరు శంకిస్తారు. చిచ్చు అదివరకే ఉన్నది. దానిలో కాలుతున్న మనిషి కేక వినడమే మన పని. ఒకరి మాటను చెడకుండా మరొకరికి చేర్చడం దుబాసీ ధర్మం. ఆ ధర్మాన్ని మన ఆడపడుచుల పట్ల మనమందరం నెరవేర్చెదము గాక.