ఎనిమిది పైసలు కట్టినోళ్లం, మెట్ల మీదెందుకు?



బడి వదిలాక రోజూ గంటసేపు మన ఊరి గ్రంథాలయంలో కూచుంటున్నాను. జీతం లేదు. గ్రంథపాలకుడు రెండూళ్లు చూసుకోవాలి. అతను రాని రోజు తాళంచెవి నా దగ్గరుంటది.

మొదటి వారం మన వాడ పిల్లలు మెట్ల దగ్గరే ఆగిపోయారు. 'సార్, లోపలికి రావచ్చా?' అన్నారు. చిన్నప్పుడు నేనూ అట్లాగే అరుగు కింద నిలబడి, పైన ఎవరో పేపరు చదువుతుంటే విన్నవాణ్ణే.

1960 గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. అక్షరం ముక్క రాని మా అవ్వ పూరింటికి పన్ను కట్టినప్పుడు ఆ పైసలూ కట్టింది. ఇందులో ఎవరి దయా లేదు.

బాబాసాహెబ్ దాదర్‌లో రాజగృహ కట్టుకున్నది పుస్తకాల కోసమే. ఆయన సంపుటాలేమో ఇక్కడ బీరువా అడుగున కట్ట విప్పకుండా పడున్నాయి. విప్పి, నంబర్లేసి, పై అరలో పెట్టాను. 'ఇవెవరు చదువుతారు మాస్టారూ?' అన్నాడొక పెద్దమనిషి. ఇచ్చిన పుస్తకాల రిజిస్టరు తీసి ఆయన ముందుంచాను.

సర్కారు ఉద్యోగం వెయ్యాల్సిన చోట మనం ఊరికే చాకిరీ చెయ్యాలా అని ఒక తమ్ముడు నిలదీశాడు. సబబైన ప్రశ్నే. మనకు వెట్టి కొత్తదా? అందుకే అర్జీ కూడా పెడదాం. పోస్టు పడేదాకా మాత్రం తలుపు మూతపడనివ్వొద్దు.

కూలికెళ్లొచ్చే అక్కలకు రాత్రి ఎనిమిది దాకా తెరిచుండాలి. నా ఒక్కడివల్ల కాదు. డిగ్రీ చదివిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ వారానికొక రోజు పంచుకోండి. మంగళవారం, శుక్రవారం ఖాళీగా ఉన్నాయి. మీటింగు అయ్యాక పేర్లు రాయించండి.